పేక తెర మీదికి ఎక్కాక: పోకర్ టోర్నీ గేమ్‌లపై పాఠకుల ప్రశ్నలు

పోకర్ టోర్నమెంట్లను వీడియో గేమ్‌లుగా మలిచే పని 2000 దశకం మధ్యలో జోరందుకుంది. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఆన్‌లైన్ శాటిలైట్ (పెద్ద టోర్నీలో ప్రవేశం గెలిపించే చిన్న టోర్నీ) గెలిచి లాస్ వేగస్ వెళ్ళాడు. అక్కడ 839 మంది ఆడిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో 25 లక్షల డాలర్లు కొట్టాడు. ఆ తర్వాత పోకర్‌కు గిరాకీ అమాంతం పెరిగింది. 2005లో యాక్టివిజన్ ఆ టోర్నీ పేరుతోనే గేమ్ విడుదల చేసింది, తర్వాతి రెండేళ్లలో మరో రెండు వచ్చాయి. అలాంటి గేమ్‌లు ఆడేవాళ్ళూ, సొంతంగా ఒకటి తయారుచేస్తున్నవాళ్ళూ పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు. అన్నీ నో లిమిట్ హోల్డెమ్‌కు (తలా రెండు ముక్కలు, అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు, పందేనికి పరిమితి లేని పోకర్) సంబంధించినవే.

ప్రశ్న: మెయిన్ ఈవెంట్ మోడ్‌లో తెర మూలన ‘మిగిలినవారు’ అంటూ వేలల్లో ఒక అంకె తగ్గుతూ ఉంటుంది. నా టేబుల్ దగ్గర కనిపించేది తొమ్మిది మందే. మిగతా వేల మంది నిజంగా ఆడుతున్నారా, ఉత్త అంకేనా?

చాలా గేమ్‌లలో ఉత్త అంకే. అందులో తప్పేమీ లేదు. ప్లేస్టేషన్ 2లో ఉన్నది 32 మెగాబైట్ల మెమరీ. అందులో ఐదారు వందల టేబుళ్ళలో ప్రతి హ్యాండ్‌నూ (ఒకసారి ముక్కలు పంచి ఆడే ఆటను) ఆడించి, ప్రతి ఆటగాడి చేతా ఆలోచింపజేయాలంటే మీరు కాఫీ తాగి వచ్చినా మీ వంతు రాదు. అందుకని మిగతా టేబుళ్ళను లెక్కలతో నడుపుతారు. ఒక్కో ఆటగాడికి ఒక చిప్స్ అంకె ఉంటుంది. మీ టేబుల్ దగ్గర ఒక హ్యాండ్ అయినప్పుడల్లా అక్కడ కొందరి చిప్స్ ఇంకొందరికి మారతాయి, సున్నాకు చేరినవాడు ఇంటికి పోతాడు.

ఈ నటన బాగా చేశారా లేదా అన్నది తేల్చడానికి రెండు పరీక్షలున్నాయి.

మొదటిది గుణకారం. టోర్నీలో చిప్స్ పుట్టవు, చావవు. 2005 మెయిన్ ఈవెంట్‌లో 5,619 మంది తలా 10,000 చిప్స్‌తో కూర్చున్నారు. అంటే చివరి హ్యాండ్ దాకా మొత్తం 5,61,90,000 ఉండాల్సిందే. మీ గేమ్ సగటు స్టాక్ (ఒక్కొక్కరి దగ్గరున్న చిప్స్) చూపిస్తుంటే దాన్ని మిగిలినవారి సంఖ్యతో గుణించండి. గంట గంటకూ ఆ మొత్తం మారుతోందంటే వెనకాల లెక్క లేదు, అంకెలు తోచినట్టు వేస్తున్నారు. నిజం టోర్నీలోనూ ఇది ఎప్పుడూ సవ్యంగా ఉంటుందని కాదు లెండి. 2006లో 8,773 మంది ఆడిన మెయిన్ ఈవెంట్ ముగిసేసరికి టేబుల్ మీద ఉండాల్సిన దానికంటే 20 లక్షలకు పైగా చిప్స్ ఎక్కువ తేలాయి. చేతులతో మార్చేచోట అలా జరగొచ్చు. కంప్యూటర్‌కు ఆ సాకు లేదు.

రెండో పరీక్షకు ఓపిక కావాలి. మొదటి హ్యాండ్ నుంచి ఏ ముక్కలొచ్చినా పడేస్తూ పొండి. 10,000 చిప్స్, టేబుల్‌కు తొమ్మిది మంది, లెవెల్‌కు 60 హ్యాండ్లు అనుకుందాం. రెండు గంటల లెవెల్‌లో చేత్తో పంచితే దాదాపు అన్నే అవుతాయి. బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు వంతులవారీగా కట్టే స్మాల్, బిగ్ పందేలు, లెవెల్ మారినప్పుడల్లా పెరుగుతాయి) 25/50, తర్వాత 50/100, 100/200, ఆపైన 100/200కు తోడు తలా 25 యాంటీ అనే వరసలో వస్తే ఆ నాలుగు లెవెళ్ళకు 500, 1,000, 2,000, 3,500 కరుగుతాయి. మిగిలేది 3,000. అయిదో లెవెల్ 150/300, యాంటీ 50 అయితే ఒక చుట్టుకే 900 పోతుంది. ఆ లెవెల్ సగంలోనే మీరు అవుట్. అంటే మొదటి రోజు దాటరు. ప్రైజులు మొదలయ్యేది ఇంకా చాలా దూరంలో ఉంటుంది. మీ గేమ్‌లో మాత్రం అన్నీ పడేస్తూ కూర్చున్నా ప్రైజు వరస దాకా చేరిపోతున్నారంటే, వెనకాల జనాన్ని మరీ వేగంగా ఇంటికి పంపుతున్నారన్నమాట. తయారుచేసేవాళ్ళు సాధారణంగా చేసే తప్పు ‘హ్యాండ్‌కు ఇంతమంది అవుట్’ అని స్థిరమైన రేటు పెట్టడం. ఆ రేటు సగటు స్టాక్‌లో ఎన్ని బిగ్ బ్లైండ్లున్నాయన్న దాన్ని బట్టి మారాలి. వంద ఉన్నప్పుడు నెమ్మదిగా, పాతికకు దిగాక జోరుగా.

ఇంకో చిన్న గుర్తు. మీ టేబుల్‌కు కొత్తవాడు వచ్చి కూర్చున్నప్పుడు ఎక్కడ కూర్చోబెడుతున్నారో చూడండి. టేబుళ్ళు సరిచేసేటప్పుడు పాత టేబుల్‌లో తర్వాత బిగ్ బ్లైండ్ కట్టాల్సినవాణ్ణి లేపుతారు. కొత్తచోట ఖాళీల్లో అన్నిటికన్నా నష్టమున్న సీటు ఇస్తారు. బిగ్ బ్లైండ్ సీటే వచ్చినా రావచ్చు, స్మాల్ బ్లైండ్ మాత్రం ఇవ్వరు. ఇది పాటించిన గేమ్ కనిపిస్తే, దాన్ని తయారుచేసినవాళ్ళలో ఒకడైనా టోర్నీ చూసి వచ్చాడని నమ్మొచ్చు.

ప్రశ్న: స్నేహితులం పదిమందిమి ఆడుకోవడానికి ‘క్విక్ టోర్నీ’ మోడ్ ఉంది. లెవెల్‌కు 5 నిమిషాలు. మొదటి పావుగంట బాగుంటుంది, తర్వాత అందరూ కళ్ళు మూసుకుని ఆల్ ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ పందెం). సెట్టింగ్స్‌లో ఏం మార్చాలి?

నిమిషాలు తీసేసి హ్యాండ్ల లెక్క పెట్టండి, గేమ్ ఒప్పుకుంటే. పంచే యానిమేషన్, చిప్స్ తోసే యానిమేషన్, ఒకరి ఆలోచన, ఇంకొకరి ఫోను అన్నీ కలిపి హ్యాండ్‌కు 45 సెకన్లు పడితే 5 నిమిషాల్లో ఆరేడు హ్యాండ్లే. పదిమంది టేబుల్‌లో బటన్ (డీలర్ వంతు ఎవరిదో చూపే గుర్తు) ఒక చుట్టు కూడా తిరగదు. ఆ లెవెల్ బ్లైండ్లు కొందరు కట్టి, కొందరు కట్టకుండా తప్పించుకుంటారు. అక్కడే ఆట అదృష్టం చేతిలోకి పోతుంది. మీ నైపుణ్యంలో లోపమేమీ లేదు.

లెవెల్‌కు కనీసం ఒకటిన్నర చుట్టు ఉండాలి: పదిమందికి 15 హ్యాండ్లు, ఆరుగురు మిగిలాక 9. హ్యాండ్ల లెక్క మోడ్ లేకపోతే యానిమేషన్లు ఆపేసి, లెవెల్‌ను 10 నిమిషాలకు పెంచండి.

ఇక బ్లైండ్ల వరస. చేతిలో మొదట 1,500 చొప్పున, టేబుల్ మీద మొత్తం 15,000 చిప్స్. బిగ్ బ్లైండ్ ఈ మొత్తంలో ఇరవయ్యో వంతుకు చేరేసరికి ఆట ముగింపుకొస్తుంది. అంటే 750 దగ్గర. 10/20తో మొదలైతే చేతిలో 75 బిగ్ బ్లైండ్లు, ఆడటానికి చాలినన్ని. అక్కడినుంచి 15/30, 25/50, 50/100, 75/150, 100/200, 150/300, 200/400, 300/600, 400/800. పది లెవెళ్ళు, పదేసి నిమిషాలు, గంటా నలభై నిమిషాలు. ఒక లెవెల్ నుంచి ఇంకోదానికి సగం పెరిగితే ఆటగాడు తట్టుకుంటాడు. రెట్టింపు ఒకసారి వస్తే ఫరవాలేదు, వరసగా రెండుసార్లు వస్తే మీరు రాసిన గుడ్డి ఆల్ ఇన్ మొదలవుతుంది. చాలా గేమ్‌లలో క్విక్ మోడ్ అంటే ప్రతి లెవెల్‌కూ రెట్టింపే. మెయిన్ ఈవెంట్‌ను గంటలోకి కుదించాలంటే జనాన్ని తగ్గించాలి గానీ లెవెళ్ళ మధ్య మెట్లు తీసెయ్యకూడదు. ఈ రకం గేమ్‌లలో మాకు కనిపించిన పెద్ద లోపం ఇదే. బొమ్మల మీద పెట్టిన శ్రద్ధలో పదోవంతు బ్లైండ్ల పట్టిక మీద పెట్టరు.

ప్రశ్న: ఇద్దరమే మిగిలినప్పుడు డీలర్ బటన్ ఉన్నవాడే స్మాల్ బ్లైండ్ కడుతున్నాడు, ముందు వాడే ఆడుతున్నాడు. ఇది బగ్ కదా సార్?

కాదండీ. ఇద్దరి ఆటలో నియమమే అది. ఫ్లాప్ (ఉమ్మడి ముక్కల్లో మొదటి మూడు) రాకముందు బటన్ వాడు ముందు, వచ్చాక వాడే చివర. బగ్ ఉంటే గింటే ముగ్గురు ఇద్దరయ్యే హ్యాండ్‌లో ఉంటుంది. ఒకే మనిషి వరసగా రెండుసార్లు బిగ్ బ్లైండ్ కట్టాల్సి వచ్చిందంటే బటన్ సరిచెయ్యలేదని అర్థం.

ప్రశ్న: సొంతంగా గేమ్ రాస్తున్నాను. ముగ్గురు వేర్వేరు మొత్తాలకు ఆల్ ఇన్ అయితే నా సైడ్ పాట్ (తక్కువ చిప్స్ పెట్టినవాడికి వాటా లేని పందెపు మొత్తం) లెక్క అప్పుడప్పుడూ తప్పుతోంది. ఎక్కడ చూడాలి?

ముక్కలు పడేసినవాడి డబ్బు దగ్గర చూడండి. తొంభై శాతం అక్కడే ఉంటుంది.

ఒక హ్యాండ్ తీసుకుందాం, ఆటగాళ్ళ పేర్లు అ, ఆ, ఇ, ఈ. అ 300 పెట్టి ఆల్ ఇన్, ఆ 700 పెట్టి ఆల్ ఇన్, ఇ 1,000 పెట్టాడు, ఈ 500 దాకా పెట్టి ఫోల్డ్ అయ్యాడు. మొత్తం 2,500. పొరలు కొయ్యాల్సింది ఇంకా ఆటలో ఉన్నవాళ్ళ మొత్తాల దగ్గరే: 300, 700, 1,000. ఈ పెట్టిన 500 దగ్గర కొయ్యకూడదు.

మొదటి పొర: నలుగురి నుంచీ 300 చొప్పున 1,200. దీనికి పోటీ అ, ఆ, ఇ.
రెండో పొర, 300 నుంచి 700 దాకా: ఆ నుంచి 400, ఇ నుంచి 400, ఈ నుంచి మిగిలిన 200, కలిపి 1,000. పోటీ ఆ, ఇ.
మూడో పొర: ఇ ఒక్కడివే 300. ఇది పాట్ కాదు, తిరిగి ఇచ్చెయ్యాలి.

1,200, 1,000, 300 కలిపితే 2,500. ప్రతి హ్యాండ్ చివరా ఈ కూడిక సరిపోయిందో లేదో ప్రోగ్రామ్ చేతే చూపించి, తేడా వస్తే అక్కడే ఆపేలా రాసుకోండి. ఈ పెట్టిన 500 దగ్గర కూడా కోస్తే ఒకే ఇద్దరు పోటీపడే సైడ్ పాట్లు రెండవుతాయి. అప్పుడు సగాలు పంచేచోట మిగిలే బేసి చిప్ రెండుసార్లు వస్తుంది, ఒకడికి ఎక్కువ పోతుంది. మూడో పొరను తిరిగి ఇవ్వకుండా ‘గెలిచాడు’ అని చూపిస్తే డబ్బు తేడా రాదు గానీ, ఓడిపోయినవాడు పాట్ గెలిచినట్టు తెర మీద పడుతుంది. ఆడేవాళ్ళు గేమ్‌ను తిట్టేది అప్పుడే.

బేసి చిప్ అంటే 1 కాదు, అప్పటికి టేబుల్ మీదున్న అతి చిన్న చిప్. 25లు తీసేశాక 50ని ఇద్దరికి విడగొట్టే పని రాకూడదు. నిజం టోర్నీలో 25లు తీసేసేటప్పుడు వందకు చాలని చిల్లర 25లకు ఒక్కోదానికి ఒక్కో ముక్క పంచుతారు. నలుగురి దగ్గర 3, 2, 1, 2 మిగిలాయనుకోండి, ఎనిమిది 25లు, అంటే రెండు 100 చిప్స్. ఎనిమిది ముక్కలు పంచి, పెద్ద ముక్క వచ్చిన ఇద్దరికి చెరొకటి. ఒకే మనిషికి రెండు ఇవ్వరు. ముక్కలు సమానమైతే ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు వరస. పోకర్‌లో రంగుకు విలువ దక్కే అరుదైన చోట్లలో ఇదొకటి. చేతిలో ఉన్న చివరి 25 కూడా పోయే పరిస్థితి వస్తే వాడికి ఒక చిప్ ఇస్తారు తప్ప ఇలా టోర్నీ నుంచి పంపరు. గేమ్‌లో ఇదంతా చూపించనక్కర్లేదు, కానీ అందరి చిల్లరనూ పైకి రౌండ్ చేసేస్తే పైన చెప్పిన గుణకారం తప్పుతుంది.

ఇంకొకటీ చూసుకోండి. పందెం 600, తర్వాతివాడు 900కు ఆల్ ఇన్. పెంచింది 300 మాత్రమే, పూర్తి రెయిజ్‌కు (పెంపుకు) 1,200 కావాలి. కాబట్టి మధ్యలో ఇంకెవరూ పెంచకపోతే, 600 పెట్టినవాడికి మళ్ళీ వంతు వచ్చినప్పుడు కాల్ (సమానంగా కట్టడం), ఫోల్డ్ మీటలే కనిపించాలి. రెయిజ్ మీట వెలిగిందంటే తప్పు.

ప్రశ్న: నాకు ఆసుల జత వస్తే ఎదుటివాడికి రాజుల జత, చివరి ముక్క రాజు. ఇది మామూలైపోయింది. గేమ్ పేక సరిగ్గా కలపడం లేదేమో?

ఆసుల జత మీద రాజుల జత గెలిచేది నూటికి సుమారు 18 సార్లు. అంటే ఐదారు సార్లకు ఒకటి. యానిమేషన్లు ఆపేసి ఆడేవాడు టేబుల్ దగ్గర వారంలో చూసేవి ఒక సాయంత్రంలో చూస్తాడు. అందుకే తరచుగా వస్తున్నట్టు అనిపిస్తుంది.

అయినా అనుమానం తీరాలంటే లెక్క రాయండి. రెండు ముక్కల చేతులు 1,326. వాటిలో ఆసుల జతలు 6, అంటే 221 హ్యాండ్లకు ఒకటి. 2,210 హ్యాండ్లలో 10 రావాలి. 4 నుంచి 16 మధ్య ఎంతొచ్చినా గేమ్‌ను శంకించనక్కర్లేదు. 25 వస్తే మాకు మళ్ళీ రాయండి.

కలపడంలో తప్పులు అసలు ఉండవని కాదు. తేలిగ్గా దొర్లేది ఇది: ప్రతి ముక్కనూ పేక మొత్తంలో ఎక్కడో ఉన్న ముక్కతో మార్చడం. చూడటానికి బాగానే ఉంటుంది. మూడే ముక్కలతో చేసి చూస్తే బండారం బయటపడుతుంది. మూడుసార్లు మూడేసి అవకాశాలు, మొత్తం 27 దారులు. వరసలు 6. ఇరవై ఏడు ఆరుకు సమంగా పంచబడదు. మూడు వరసలు ఐదేసి సార్లు, మూడు నాలుగేసి సార్లు వస్తాయి. సరైన పద్ధతి ఫిషర్–యేట్స్: చివరి ముక్కను 52లో ఒకదానితో, దాని ముందుదాన్ని 51లో ఒకదానితో, ఇలా దిగుతూ రావాలి.

1999లో ఒక ఆన్‌లైన్ పోకర్ సాఫ్ట్‌వేర్ తన కలిపే కోడ్‌ను ధీమాగా బయటపెట్టుకుంటే, అందులో తప్పులు దొరికాయి, ముఖ్యమైనవి రెండు. 52వ ముక్క 52వ చోటికి ఎన్నటికీ రాదు. అంతకన్నా ఘోరం రెండోది. యాదృచ్ఛిక సంఖ్యలకు విత్తు (లెక్క మొదలుపెట్టే సంఖ్య) అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్లు. రోజుకు 8,64,00,000 మాత్రమే. సర్వర్ గడియారంతో సమయం పోల్చుకుంటే సుమారు రెండు లక్షల పేకలకు తగ్గింది. తన రెండు ముక్కలు, ఫ్లాప్ మూడు ముక్కలు తెలిస్తే చాలు, అందరి చేతులూ తెలిసిపోయాయి. 52 ముక్కల వరసలు దాదాపు 8 పక్కన 67 సున్నాలు. వాటన్నిటినీ అందుకోవాలంటే విత్తు 226 బిట్లు ఉండాలి. 32 బిట్ల విత్తు ఇచ్చేది 429 కోట్ల పేకలే. ఒంటరిగా ఆడే గేమ్‌కు అది చాలు. నలుగురు నెట్‌లో ఆడేదానికి చాలదు.

ప్రశ్న: ఫైనల్ టేబుల్‌లో కంప్యూటర్ ఆటగాళ్ళు ప్రైజు లెక్క లేకుండా కాల్ చేస్తున్నారు. మొదటి రోజు ఎలా ఆడారో చివరా అలాగే. కష్టం స్థాయి పెంచినా మారలేదు.

వాళ్ళకు చిప్స్ మాత్రమే కనిపిస్తున్నాయి, డబ్బు కనిపించడం లేదు. కష్టం స్థాయి పెంచితే గెలిచే అవకాశాన్ని ఇంకొంచెం బాగా అంచనా వేస్తారు, అంతే.

ముగ్గురు మిగిలారు, ప్రైజు మొత్తం 100లో 50, 30, 20 అనుకోండి. స్టాకులు 5,000, 3,000, 2,000. గెలిచే అవకాశం చిప్స్‌కు తగ్గట్టు ఉంటుందని తీసుకుని రెండు, మూడు స్థానాలు కూడా లెక్కిస్తే వాళ్ళ వాటాల విలువ 38.39, 32.75, 28.86. దీన్ని ఐసీఎం (ఇండిపెండెంట్ చిప్ మోడల్) అంటారు. చిప్స్‌లో సగం ఉన్నవాడికి డబ్బులో సగం లేదని గమనించండి.

ఇప్పుడు పెద్దవాడు ఆల్ ఇన్ అన్నాడు, 3,000 వాడు కాల్ చెయ్యాలా? చేసి గెలిస్తే 6,000 అవుతుంది, విలువ 41. ఓడితే మూడో ప్రైజు 20. పడేస్తే 32.75. బ్లైండ్ల సంగతి పక్కనపెడితే, 20కి పైన 21 రాబట్టడానికి 12.75 పందెం కాస్తున్నట్టు. అంటే గెలుపు అవకాశం దాదాపు 61 శాతం ఉంటేనే కాల్ చెయ్యాలి. చిప్స్ ఒక్కటే చూసేవాడు 51 శాతానికే చేస్తాడు. మీకు కనిపిస్తున్న తెగింపు ఆ పది శాతమే.

దీన్ని మీరు వాడుకోవచ్చు. అలాంటి గేమ్‌లో ఫైనల్ టేబుల్ దగ్గర బ్లఫ్ మానెయ్యండి, మంచి చేతితో మాత్రం నేరుగా ఆల్ ఇన్ అనండి. వాళ్ళు పడెయ్యరు. ఇద్దరు కంప్యూటర్ ఆటగాళ్ళు కొట్టుకుంటుంటే మధ్యలో దూరకండి, ఊరికే కూర్చున్నా మీ వాటా పెరుగుతుంది.

గేమ్ తయారుచేసేవాళ్ళు ఈ ఒక్క లెక్క చేరిస్తే చాలు, గొప్ప కృత్రిమ మేధ అక్కర్లేదు. 2019లో ఆరుగురి ఆటలో ప్రొఫెషనల్స్‌ను ఓడించిన ప్లూరిబస్ అనే ప్రోగ్రామ్‌కు కూడా ప్రతి హ్యాండ్‌కూ స్టాక్ మళ్ళీ 10,000 నుంచే మొదలు. టోర్నీ ఒత్తిడి దానికి ఎదురే కాలేదు.

ప్రశ్న: ఒకే హ్యాండ్‌లో ఇద్దరం అవుటయ్యాం. నాకు 9వ స్థానం, ఇంకొకతనికి 8వది ఇచ్చింది. ఏ లెక్కన?

ఒకే టేబుల్ అయితే, ఆ హ్యాండ్ మొదట్లో ఎక్కువ చిప్స్ ఉన్నవాడిది పైస్థానం. మీకంటే అతనికి ఎక్కువున్నాయేమో హ్యాండ్ హిస్టరీ తెరిచి చూడండి. వేర్వేరు టేబుళ్ళలో హ్యాండ్ ఫర్ హ్యాండ్ (అన్ని టేబుళ్ళలో ఒక్కో హ్యాండ్ ఒకేసారి) నడుస్తున్నప్పుడైతే ఇద్దరూ సమానం, రెండు ప్రైజులూ కలిపి చెరిసగం ఇవ్వాలి. అక్కడ కూడా స్టాక్ చూసి వేరుచేసే గేమ్‌లు ఉన్నాయి. అది తప్పే.